మెడెలిన్‌లో మా ఇంటావిడ, తలుపు మీద లేని ఆ పేరు

పోయిన వారం మెడెలిన్ నుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కొలంబియాలో నేను అద్దెకున్న ఇంటావిడ కూతురు పంపింది. అమ్మ పోయింది, నిద్రలోనే పోయింది, నీకు చెప్పాలనిపించింది అని. వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, నలుగురైదుగురు ఆడవాళ్ళు జపమాల చదువుతున్న గొంతులు. అక్కడ మనిషి పోతే తొమ్మిది రాత్రులు ఇంట్లో కూర్చుని జపమాల చదువుతారు, వచ్చిన వాళ్ళకి పాలు లేని కాఫీ పోస్తూనే ఉంటారు. ఆ గొంతుల్లో ఒకటి నాకు బాగా తెలిసిన గొంతు, ఆవిడ గురించి కింద చెప్తాను.

కొలంబియాలో పనిచేశాను అనగానే ఎవరైనా ముందు అడిగేది ఆ ఊరి కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ గురించే. సిరీస్‌లు చూసి ఉంటారు, కళ్ళు మెరుస్తాయి, ఏంటి నిజంగా అంత డబ్బా అంటారు. నాకు మాత్రం ఆ పేరు వింటే డబ్బు గుర్తు రాదు, మా దోన్యా వంటిల్లు గుర్తొస్తుంది. పెద్దావిడల్ని అక్కడ దోన్యా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను మిహో అనేది, అంటే నాయనా అన్నట్టు. అతని పెళ్ళాం పిల్లలు ఏమయ్యారు, ఎక్కడ ఎలా బతుకుతున్నారు అన్న విషయం కూడా నేను మొట్టమొదట సీరియస్‌గా విన్నది ఆ వంటింట్లోనే, అదీ తన తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి నోటి నుంచి. అందుకే ఇవన్నీ ఒకచోట రాసుకోవాలనిపించింది, వరుసగా రావు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.



కంపెనీ పని మీద వెళ్ళాను. ఆఫీసు దగ్గర్లో అపార్ట్‌మెంట్ ఇస్తామన్నారు గానీ ఒక కొలీగ్ చెప్పాడు, నువ్వు భాష నేర్చుకోవాలంటే ఎవరింట్లోనైనా గది తీసుకో అని. అలా లౌరెలెస్ పక్కన లోస్ ఒలివోస్ అనే పేటలో, ఎస్తాదియో మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళే దూరంలో, రెండంతస్తుల ఇంట్లో పైగది దొరికింది. కింద ఆవిడ, ఆవిడ కూతురు. ఇంటి మధ్యలో ఆకాశం కనపడే చిన్న ఖాళీ, అక్కడ బట్టలారేసే తీగలు, కుండీల్లో మొక్కలు.

పొద్దున్నే అయిదింటికి కింద నుంచి అరేపా కాలుతున్న వాసన మెట్లెక్కి వచ్చేది. మొక్కజొన్న పిండి రొట్టె, అందులో ఉప్పు కూడా వెయ్యరు, మొదట్లో నాకు ఎక్కలేదు, తర్వాత్తర్వాత అది తినకపోతే తెల్లారినట్టే ఉండేది కాదు. పైన వెన్న రాసి తెల్లటి పచ్చి చీజ్ పెట్టి ఇచ్చేది. రేడియో పొద్దున ఆన్ చేస్తే రాత్రే ఆపడం. పదింటికి అవకాడోల బండివాడి కేక, ఆగ్వకాఆఆతే అని సాగదీసి, సాయంత్రం మసమోర్రా అమ్మేవాడు, అంటే ఉడికించిన మొక్కజొన్న, పాలల్లో వేసుకుని బెల్లం ముక్క కొరుక్కుంటూ తింటారు. ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ స్టేడియం వైపు నుంచి హోరు. ఒక్కోసారి ఆ హోరుని బట్టే ఆవిడ చెప్పేసేది, ఏ జట్టు గోల్ కొట్టిందో.

మెట్రో అంటే ఆ ఊరి వాళ్ళకి ప్రాణం. 1995 నవంబర్ చివర్లో మొదలైంది అది, ఎస్కోబార్ చచ్చిపోయిన రెండేళ్ళకి. లోపల ఎవరూ ఏమీ తినరు, గోడల మీద గీతలుండవు. మా దోన్యా స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు చర్చికి వెళ్ళినట్టు మంచి చీటీ గుడ్డ గౌను వేసుకునేది. అంతకుముందు ఆ ఊరిలో సాయంత్రం ఆరు దాటితే బయటికి వెళ్ళేవాళ్ళు కాదట, అలాంటిది రాత్రి తొమ్మిదింటికి కూడా రైలెక్కి వెళ్ళి చెల్లెల్ని చూసి రావచ్చు అంటే అది ఆవిడకి మామూలు సంగతి కాదు.



వెళ్ళిన కొత్తల్లో ఒక సాయంత్రం బ్రెడ్ కొనడానికి ఇద్దరం బేకరీకి నడుస్తున్నాం. ఒక వీధి మలుపులో ఆవిడ ఆగకుండానే, తల కూడా తిప్పకుండా, గడ్డంతో ఒక ఇంటి పైకప్పు వైపు చూపించి, అక్కడే అంది. ఏంటి అక్కడ అన్నాను. వాణ్ణి అక్కడే అంది. అంతే, బేకరీలో రేపటికి తాజా రొట్టె ఉంటుందా అని అడగడంలో పడిపోయింది.

తర్వాత వంటింట్లో బీన్స్ నానబెడుతూ చెప్పింది. ఎస్కోబార్ చచ్చిపోయింది ఆ పైకప్పు మీదే, 1993 డిసెంబర్ 2, మధ్యాహ్నం మూడు ఆ ప్రాంతం. ముందు రోజే అతనికి 44 నిండాయి. పెళ్ళాం పిల్లలు అప్పుడు బొగోటాలో తెకెందామా అనే హోటల్ భవనంలో ప్రభుత్వం కాపలాలో ఉన్నారు. దానికి నాలుగైదు రోజుల ముందే వాళ్ళు జర్మనీ వెళ్దామని ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వెళ్తే దిగనివ్వకుండా అదే దారిన వెనక్కి పంపేశారు. ఏళ్ళ తరబడి దొరకని మనిషి కొడుకుతో ఫోన్‌లో మాట్లాడుతూ దొరికాడు. ఎక్కువసేపు మాట్లాడొద్దు అని తనే అందరికీ చెప్పేవాడట, ఆ చివరి రోజుల్లో మాత్రం మళ్ళీ మళ్ళీ చేశాడు, పోలీసులు ఆ సిగ్నల్ పట్టుకుని ఆ ఇంటికి వచ్చారు.

కాల్పులు వినపడ్డాయి, ఆ ఊళ్ళో అది కొత్తేం కాదు కాబట్టి అలవాటుగా స్టవ్ కట్టేసి కూతుర్ని తీసుకుని లోపలి గదిలో నేల మీద కూర్చుందట. కాసేపటికి వీధంతా జనం. కొందరు చప్పట్లు కొడుతున్నారు, కొందరు గట్టిగా ఏడుస్తున్నారు, ఒకే వీధిలో, ఒకే అరుగు మీద. ఈవిడ రెండూ చెయ్యలేదు, తలుపు గడియ పెట్టి రేడియో పెట్టుకుంది.

ఆ సాయంత్రం రేడియోలో వచ్చిన మాట ఆవిడకి జీవితాంతం గుర్తుండిపోయింది. విలేకర్లు బొగోటాకి ఫోన్ చేస్తే కొడుకు, పదహారేళ్ళ వాడు, మా నాన్నని చంపిన వాళ్ళని నేనొక్కణ్ణే అందర్నీ చంపేస్తా అన్నాడు. కొన్ని నిమిషాలకే మళ్ళీ తనే ఫోన్ చేసి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, పగ తీర్చుకోను, అన్నాడు. మొదటి మాట విన్నప్పుడు నా చెయ్యి చల్లబడిపోయింది మిహో, ఇంకో ఇరవై ఏళ్ళు ఇదే అనుకున్నాను అంది. రెండో మాట విన్నాక నమ్మావా దోన్యా అని అడిగితే, నమ్మలేదు, కానీ ఆ రాత్రి నిద్రపోయాను అంది.



హాల్లో సోఫా పైన గోడకి ఒక ఫోటో ఉండేది. పోలీసు యూనిఫాంలో కుర్రాడు, టోపీ కొంచెం పెద్దదై చెవుల మీదికి దిగింది. ఆవిడ చిన్న తమ్ముడు. తల్లికి ఆలస్యంగా పుట్టినవాడు కాబట్టి ఈవిడే ఎత్తుకు పెంచింది.

1990లో ఎస్కోబార్ మెడెలిన్‌లో పోలీసుల తలలకి వెల కట్టాడు, ఒక్కో పోలీసుకి ఇంత అని. డబ్బుల కోసం పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు తుపాకులు పట్టుకున్నారు. ఆ ఏడాది పోలీసుల ఇళ్ళల్లో యూనిఫాం ఉతికి బయట తీగ మీద ఆరెయ్యడానికి కూడా భయపడేవాళ్ళట, లోపల ఫ్యాన్ కింద ఆరబెట్టి, డ్యూటీకి వెళ్ళేటప్పుడు మామూలు చొక్కా వేసుకుని సంచిలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళట. ఈవిడ తమ్ముడు కూడా అలాగే సంచితో వెళ్ళాడు, బస్ స్టాప్ దగ్గరే అయిపోయింది. సంచిలో యూనిఫాం ఇస్త్రీ మడత కూడా నలగకుండా వెనక్కి వచ్చింది.

1991లో ఆ ఒక్క ఊళ్ళోనే ఆరువేల పైన హత్యలు జరిగాయి. నేను ఈ అంకె ఎక్కడో చదివి ఆవిడకి చెప్తే, అవునా, మాకు మా వీధిలోవే తెలుసు అంది, తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండో చేతికి వచ్చాక ఆపేసింది.



వారానికి రెండు రోజులు ఇల్లు తుడవడానికి ఒకావిడ వచ్చేది, నలభై దాటిన మనిషి, గట్టిగా పాడుకుంటూ పని చేసేది. జపమాల చదువుతున్న గొంతు అన్నానే, ఈవిడదే. కొండ మీద ఉన్న పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ పేటని ఊరంతా పిలిచే పేరు బార్రియో పాబ్లో ఎస్కోబార్. మొరావియా దగ్గర ఊరి చెత్తంతా పోసే గుట్ట మీద రేకుల కింద బతికే కుటుంబాలకి 1984లో అతను నాలుగు వందల పైన ఇళ్ళు కట్టించి ఇచ్చాడు, వాటిలో ఒకటి ఈవిడ తల్లికి వచ్చింది. ఈవిడ చిన్నప్పుడు చెత్తలో ఇనప ముక్కలు ఏరింది, ఆ ఇంటికి వెళ్ళిన మొదటి రోజు కొళాయి తిప్పితే నీళ్ళొస్తుంటే అక్కచెల్లెళ్ళు వంతులేసుకుని తిప్పారట.

ఇంక ఆలోచించండి. హాల్లో గోడ మీద ఆ తమ్ముడి ఫోటో, దాని మీద దుమ్ము తుడిచేది ఎస్కోబార్ ఇచ్చిన ఇంట్లో పెరిగిన మనిషి. ఆవిడ ఇంట్లో దేవుడి పటం పక్కన ఎవరి ఫోటో ఉందో మా దోన్యాకి తెలుసు. దోన్యా తమ్ముణ్ణి ఎవరు చంపించారో ఆవిడకి తెలుసు. ఇద్దరూ కలిసి పదకొండింటికి వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగేవాళ్ళు, పిల్లల చదువులు, గ్యాస్ బిల్లు, పాదాల నొప్పులు అన్నీ మాట్లాడుకునేవాళ్ళు, అతని పేరు మాత్రం ఆ బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి నేనే దోన్యాని అడిగాను, నీకు కష్టంగా ఉండదా అని. ఆవిడ అంది, వాళ్ళమ్మకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, వాడొక్కడే ఇచ్చాడు, ఇచ్చిన ఇంట్లో ఉండొద్దని నేనెలా చెప్పను, అలాగని వాడు మంచివాడని ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ మర్యాద చాలు.

కొలంబియా గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఆ మధ్యాహ్నం అర్థమైనంత ఎప్పుడూ అర్థం కాలేదు.



కొన్నాళ్ళు మా ఇంకో గదిలో ఒక యూరప్ కుర్రాడు ఉన్నాడు, మా ఆఫీసే. మంచివాడే, నెమ్మదస్తుడు. వీకెండ్‌లో ఎస్కోబార్ టూర్‌కి వెళ్ళొచ్చాడు. అప్పట్లో అవి జోరుగా నడిచేవి, వ్యాన్‌లో ఎక్కించుకుని, ఎల్ పొబ్లాదోలో కుటుంబం ఉన్న తెల్లటి మోనాకో భవనం, ఇతగువిలో మోంతెసాక్రో స్మశానంలో సమాధి, చచ్చిన పైకప్పు అంటే మా వీధి, చివరికి అన్న రోబెర్తో నడిపే ఇంటి మ్యూజియం. అన్న అక్కడే కూర్చుని ఫోటోలకి నిలబడేవాడు. జైల్లో ఉన్నప్పుడు కవర్‌లో బాంబు పెట్టి పంపితే అది పేలి చూపు చాలావరకు పోయింది ఆయనకి. ఆ మ్యూజియాన్ని 2018లో ఊరి యంత్రాంగం మూయించేసింది.

కుర్రాడు మార్కెట్‌లో ఆ మొహం ఉన్న టీ షర్ట్ కొనుక్కొచ్చి, ఉతికి, మా తీగ మీద ఆరేశాడు. పొద్దున్నే నేను మెట్లు దిగుతుంటే దోన్యా దాని ముందు నిలబడి ఉంది. యూనిఫాం బయట ఆరెయ్యడానికి భయపడిన ఇల్లు అది, అదే తీగలు. నాకు కాళ్ళు కదల్లేదు. ఆవిడ ఏమీ అనలేదు, చొక్కా తీసింది, ఇంకా తడిగానే ఉంది, లోపలికి తీసుకెళ్ళి ఇస్త్రీ పెట్టె వేడి చేసి ఆరేదాకా ఇస్త్రీ చేసి, చక్కగా మడత పెట్టి, కుర్రాడు టిఫిన్‌కి వచ్చాక చేతికిచ్చి, ఇది నీ పెట్టెలో పెట్టుకో నాయనా, మా ఇంట్లో బయట కనపడకూడదు అని, వాడి భుజం పట్టుకుని తీసుకెళ్ళి తమ్ముడి ఫోటో చూపించింది. వాడు ఎర్రబడిపోయి ఆ రోజంతా మాట్లాడలేదు.

ఆ పేరుతో బతికే వ్యాపారం అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 2024లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఆ పేరుని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చెయ్యడం కుదరదని తేల్చిందని చదివి దోన్యాకే ముందు మెసేజ్ పెట్టాను. ఒక పువ్వు బొమ్మ పంపింది.



నేనున్నప్పుడే, ఒక రాత్రి టీవీలో ఆ డాక్యుమెంటరీ వేశారు, 2009లో వచ్చింది, నా తండ్రి పాపాలు అని దాని పేరు. ఎస్కోబార్ కొడుకు స్వయంగా మాట్లాడతాడు అందులో. కూతురు చూడొద్దమ్మా అంది. ఆవిడ కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుంది.

అప్పుడే తెలిసింది నాకు ఆ కుటుంబం పోయిన దారంతా. అతను పోయాక బతికున్న శత్రువులందరూ వీళ్ళ మీద పడ్డారు, పెళ్ళాం అతని శత్రువులైన కాలీ ముఠా పెద్దల ముందుకి తనే వెళ్ళి కూర్చుని ఆస్తులన్నీ రాసిచ్చి కొడుకు ప్రాణం అడుక్కుంది. పదిహేనేళ్ళకే అతన్ని పెళ్ళి చేసుకున్న మనిషి, ముప్పై మూడేళ్ళకి ఇద్దరు పిల్లలతో ఇలా మిగిలింది. 1994లో పేర్లు మార్చుకున్నారు. హువాన్ పాబ్లో పోయి సెబాస్తియన్ మర్రోకిన్ వచ్చాడు. ఏ దేశమూ రానివ్వలేదు, చివరికి యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న మొజాంబిక్ రానిస్తే వెళ్ళి, కొన్ని రోజులు కూడా ఉండలేక, టూరిస్టుల్లాగా బ్యూనోస్ ఐరిస్‌లో దిగి అక్కడే ఉండిపోయారు. కొడుకు చదువుకుని ఆర్కిటెక్ట్ అయ్యాడు. కూతురు, 1988లో మోనాకో దగ్గర పేలిన కారు బాంబుకి చిన్నప్పుడే ఒక చెవి దెబ్బతిన్న పిల్ల, ఎవరికీ కనపడకుండా బతుకుతోంది.

ఆ సినిమాలో కొడుకు, వాళ్ళ నాన్న చంపించిన న్యాయమంత్రి లారా బొనీయా కొడుకుకి, అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ హత్యకి గురైన గలాన్ కొడుకులకి ఉత్తరం రాస్తాడు. తర్వాత కలుస్తాడు. క్షమించమని అడుగుతాడు. వాళ్ళు చెయ్యి చాపుతారు. తండ్రుల్ని పోగొట్టుకున్న ఆ పిల్లలు ఏమంత పెద్దవాళ్ళు, గలాన్ చిన్న కొడుకే తర్వాత బొగోటాకి మేయర్ అయ్యాడు. ఆ గదిలో వాళ్ళు ఒకరినొకరు చూసుకునే చూపు ఉందే, ఎలా మొదలుపెట్టాలో తెలియని చూపు, అది నటించడానికి వచ్చేది కాదు.

సినిమా అయిపోయాక కూతురు మండిపడింది. వీళ్ళు బ్యూనోస్ ఐరిస్‌లో చదువుకున్న ఫీజులు ఎక్కడివి అంది. దోన్యా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కుర్రాడు మా తమ్ముణ్ణి చంపలేదు, వాడికి అప్పుడు పదమూడేళ్ళు అంది. కాసేపాగి, మంత్రి కొడుక్కి ఉత్తరం రాశాడు, బానే ఉంది, మా అమ్మకి ఎవరూ రాయలేదు, ఆవిడ పోయేదాకా తలుపు చప్పుడైతే లేచేది అంది.

న్యాయంగా చెప్పాలంటే ఆ తర్వాత చాలా మామూలు కుటుంబాల్ని కూడా కలిశానని ఆయన చెప్పాడు, వేరే దేశాల్లో స్కూళ్ళకి వెళ్ళి పిల్లలకి మా నాన్నలా అవ్వొద్దని చెప్తుంటాడు, అది తీసిపారేసే పని కాదు. మళ్ళీ అదే మనిషి మధ్యలో తండ్రి గుర్తింపు కార్డుల బొమ్మలేసిన టీ షర్ట్‌లు కూడా అమ్మాడు, కొలంబియాలో అమ్మలేదులే గానీ అమ్మాడు. దోన్యా కూతురు నాకు ఆ వార్త పంపించి, చూశావా అని రాసింది. నాకు జవాబు దొరకలేదు. ఈ రెండూ చేసింది ఒకే మనిషి, రెండూ నిజమే.



తర్వాత కొన్నాళ్ళు పని మీద బ్యూనోస్ ఐరిస్‌లో ఉన్నాను. అక్కడ మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, మెడెలిన్ నుంచి వచ్చానంటే ఆయన కూడా అదే ఎత్తాడు, కానీ వేరే వైపు నుంచి. 1999 నవంబర్‌లో ఒక పొద్దున పేపర్లన్నీ ఎస్కోబార్ విధవ మన ఊళ్ళోనే ఉంది అని హోరెత్తిపోయాయట. వీళ్ళెవరో తెలుసుకున్న అకౌంటెంట్ డబ్బు కోసం బెదిరించాడని, అక్కడ మొదలై అంతా బయటపడిందని ఆవిడ చెప్పుకుంది. మనీలాండరింగ్ అని తల్లీకొడుకుల్ని పట్టుకెళ్ళారు, కొడుకు నెలన్నర, తల్లి ఏడాదిన్నర దాకా జైల్లో ఉన్నారు, చివరికి ఆ కేసు నిలబడలేదు. అయిదేళ్ళు కష్టపడి కట్టుకున్న కొత్త పేరు ఒక్క పొద్దున్నే పోయింది, స్కూల్లో చిన్న పిల్ల ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఆ పెద్దాయన అన్నాడు, మాకందరికీ ఆ వారం టీవీ చూడ్డం పండగలా ఉండేది, ఇప్పుడు నా మనవరాలు అదే వయసుకొచ్చాక ఆ పిల్ల మొహం గుర్తొస్తోంది అని.

ఫోన్‌లో దోన్యాకి ఇదంతా చెప్పాను. ఆ పిల్ల ఏం చేసిందని, అని మాత్రం అంది.

హసియెందా నాపోలెస్‌కి కూడా ఒకసారి వెళ్ళాను, ప్వెర్తో త్రియూన్ఫో దగ్గర, వేడి భరించలేం. ఎస్కోబార్ ఎక్కడెక్కడి జంతువుల్నో తెప్పించి పెట్టుకున్న ఎస్టేటు, ఇప్పుడు అది పార్కు, పిల్లలకి నీళ్ళ జారుడుబల్లలు. తెచ్చిన నాలుగు నీటిగుర్రాలు నూటికి పైగా పెరిగి మాగ్దలేనా నది పొడవునా తిరుగుతున్నాయి, వాటిని అదుపు చెయ్యడం ప్రభుత్వానికి తలనొప్పి అయిపోయింది. దోన్యాకి ఫోటోలు చూపిస్తే చూడనంది.



చాలా ఏళ్ళకి మళ్ళీ వెళ్ళాను. మోనాకోని 2019 ఫిబ్రవరి 22న పేల్చి కూల్చేశారు, రెండు మూడు సెకన్లలో కూలిపోయింది, ఇంట్లో టీవీ ముందు అందరూ నిలబడి చూశారట, పనికి వచ్చే ఆవిడతో సహా. ఆ స్థలంలో ఇన్‌ఫ్లెక్సియోన్ అని స్మారక పార్కు కట్టారు. దోన్యా నన్ను అక్కడికి తీసుకెళ్ళమంది. చెయ్యి పట్టుకుంటే గానీ మెట్లు దిగలేకపోతోంది అప్పటికే.

నల్లటి గోడ, దానికి 46,612 రంధ్రాలు, 1983 నుంచి 1994 దాకా ఆ హింసలో పోయిన ఒక్కో ప్రాణానికి ఒక్కోటి. పేర్లు లేవు. ఆవిడ గోడ పొడవునా నడిచింది, వెనక్కి వచ్చింది, ఏది మా వాడిది అని అడిగింది. ఏదైనా అనుకోవచ్చు దోన్యా అన్నాను. భుజం ఎత్తులో ఒకటి ఎంచుకుంది, తన భుజం కాదు, తమ్ముడు ఎంత ఎత్తుండేవాడో ఆ ఎత్తు, చెయ్యి పైకి చాపి చూసుకుని మరీ.

ఆ రాత్రే అడిగింది, ల్యాప్‌టాప్ ఉందా, ఒక ఉత్తరం రాయాలి అని. ఎవరికి అంటే, ఆ అబ్బాయికి అంది. వాడికి పదహారేళ్ళప్పుడు రేడియోలో విన్న గొంతు ఆవిడకి ఇంకా అబ్బాయే. ఆవిడ చెప్తుంటే నేను టైప్ చేశాను, మధ్యమధ్య కూతురు అక్షరాలు సరిచేసింది, ఇష్టం లేకపోయినా. గౌరవనీయులైన అని మొదలుపెట్టబోతే వద్దంది, సెబాస్తియన్ అని రాయమంది, వాడు ఎంచుకున్న పేరు అదే కదా, ఆ పేరుతోనే పిలుస్తాను అంది.

ఉత్తరంలో పెద్దగా ఏం లేదు. తమ్ముడి పేరు, వాడికి ఏం ఇష్టం, ఆ సంచి సంగతి, వాళ్ళమ్మ తలుపు చప్పుడుకి లేచే సంగతి. నిన్ను క్షమించడానికి నువ్వు ఏమీ చెయ్యలేదు, మీ నాన్నని క్షమించే హక్కు మా అమ్మది, ఆవిడ పోయింది, కాబట్టి దాని గురించి నన్ను అడగొద్దు. ఈ ఊరు వస్తే మా ఇంటికి రా, కాఫీ ఇస్తాను, హాల్లో ఒక ఫోటో ఉంది, దాని కింద కుర్చీలో కూర్చుందువుగాని, ఇద్దరం మాట్లాడుకుందాం. నువ్వు రేడియోలో రెండోసారి మాట్లాడిన రాత్రి నేను నిద్రపోయాను, అది నీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకని రాస్తున్నాను. ఇంతే.

ప్రింట్ తీయించాను, సంతకం పెట్టి కవర్‌లో పెట్టింది. అడ్రస్ కనుక్కుందామా అంటే, చూద్దాం అని మందుల డబ్బా ఉండే సొరుగులో పెట్టేసింది. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఆ సంగతి ఎత్తలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

మొన్న కూతురితో మాట్లాడాను. కవర్ అలాగే ఉందట, అంటించి కూడా లేదట. మెడెలిన్‌లో స్మృతి మ్యూజియం ఉంది, అక్కడ ఇలాంటి వాళ్ళవే వస్తువులు, ఉత్తరాలు దాస్తారు, దానికి ఇచ్చేస్తానంటోంది. పంపితే అతను దీన్ని కూడా ఏ పుస్తకంలోనో వేసుకుంటాడేమో అని దాని భయం, ఆ భయంలో న్యాయముంది, కాదనను. కానీ ఆ ఉత్తరం మ్యూజియానికి రాసింది కాదు, ఒక మనిషికి రాసింది. కాపీ మ్యూజియానికి ఇయ్యి, అసలుది బ్యూనోస్ ఐరిస్‌కి పంపేద్దాం, అడ్రస్ నేను కనుక్కుంటాను అని చెప్పాను. తొమ్మిది రాత్రులు అయ్యాక చెప్తానంది.